బీఏ అయింది. సోషియాలజీనా, ఆంత్రోపాలజీనా? ఇంట్లో వాళ్ళకు ఏం చెప్పాలో తెలియక ఇక్కడ అడుగుతున్నా

కంచరపాలెం_కుర్రాడు
మంగళవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నాది బీఏ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్), తెలుగు మీడియం. పీజీసెట్ రాసి ఎంఏ చేద్దామని ఉంది. సోషియాలజీ మీద మనసు. ఆంత్రోపాలజీ కూడా చూడమని ఒక సీనియర్ అన్నాడు. ఆ రెంటికీ తేడా నాకు సరిగ్గా తెలీదు.

సమస్య ఇంట్లో. నాన్న ఆటో నడుపుతారు. నిన్న అన్నం తింటూ అడిగారు, "ఎంబీబీఎస్ చదివితే డాక్టరు, లా చదివితే లాయరు. ఇది చదివితే నిన్ను ఏమంటారు?" నా దగ్గర జవాబు లేదు. మామయ్య అయితే బ్యాంక్ కోచింగ్ ఫీజు తనే కడతానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

ఇంకో డౌట్. అమెరికా కాలేజీల్లో ఎత్నిక్ స్టడీస్ అని ఉంటుందని ఒక వీడియోలో చూశాను. అలాంటిది మన దగ్గర ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

డిగ్రీ_డబ్బా
మంగళవారం, రాత్రి 10:58

తమ్ముడూ, సమాజం గురించి తెలుసుకోవాలంటే జగదంబ జంక్షన్‌లో గంటసేపు నిలబడు. ఫ్రీ. దానికి రెండేళ్ళు, హాస్టల్ ఫీజు ఎందుకు? మామయ్య మాట విను.

సిరా_మరక
మంగళవారం, రాత్రి 11:35

డిగ్రీ_డబ్బా గారూ, నిలబడటం మంచిదే. కానీ జగదంబలో గంట నిలబడితే మీకు జనం కనపడతారు, సమాజం కనపడదు. ఒక ఉదాహరణ చెప్తాను, తమ్ముడి కోసం.

ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్ళండి. వేలంపాట, ఐసు, బుట్టలు, అరుపులు. ఎవరైనా చూడొచ్చు. కానీ వేటకు వెళ్ళేది మగవాళ్ళే ఎందుకు, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది ఆడవాళ్ళే ఎందుకు? బోటు ఎవరిది, డీజిల్‌కి అప్పిచ్చింది ఎవరు, ఆ అప్పుకు వడ్డీ డబ్బుగా కడుతున్నారా, చేపగా కడుతున్నారా? జాలారి, వాడబలిజ వాళ్ళ ఇళ్ళు తీరం వెంట ఎలా పంచుకుని ఉన్నాయి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రెండు నెలలు ఇంట్లో పెత్తనం ఎవరి చేతిలోకి వెళ్తుంది? ఇవి అడగడం మొదలుపెడితే అక్కడ సోషియాలజీ మొదలైనట్టు.

నేను ఎంఏ సోషియాలజీ చేసి 11 ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. మొదటి వారంలో ఎప్పుడూ డర్క్‌హైమ్ అనే ఫ్రెంచి సోషియాలజిస్టు గురించి చెప్తాను. 1897లో ఆయన ఆత్మహత్యల మీద పుస్తకం రాశాడు. మనిషి చేసే పనుల్లో అంతకన్నా సొంత విషయం ఉంటుందా? అయినా ఒక్కో దేశంలో ఆ రేటు ఏటేటా దాదాపు అలాగే ఉంటోందని, పెళ్ళయినవాళ్ళకూ కానివాళ్ళకూ, ఒక మతానికీ ఇంకో మతానికీ తేడా ఉంటోందని లెక్కలు తీసి చూపించాడు. ఆ పాఠం రోజు క్లాసులో ఎవ్వరూ ఫోన్ చూడరు.

ఇక తేడా సంగతి. మన దగ్గర రెంటికీ మధ్య గోడ పల్చన. సోషియాలజీ ఎక్కువగా నగరం, పల్లె, కులం, కుటుంబం, పరిశ్రమ చుట్టూ తిరుగుతుంది. ఆంత్రోపాలజీలో వాటితో పాటు మనిషి పరిణామం, ఎముకలు, జన్యువులు, పాతరాతి పనిముట్లు కూడా చదవాలి. సైన్సు అంటే భయం లేకపోతే అది బాగుంటుంది. ఆంధ్రా యూనివర్సిటీలో రెండు డిపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. వెళ్ళి సీనియర్లతో ఒక పూట కూర్చో.

ఇంకొక్క మాట. ఇంగ్లీషులో "కజిన్" అంటే అయిపోతుంది. మనకి అవ్వదు. బాబాయి కొడుకు తమ్ముడు, మేనత్త కొడుకు బావ. ఒకడితో రాఖీ, ఇంకొకడితో పెళ్ళి మాటలు! న్యూయార్క్ రాష్ట్రంలో మోర్గన్ అనే లాయరు ఇరోక్వాయ్ తెగ వాళ్ళ చుట్టరికపు మాటలు రాసుకున్నాడు. తర్వాత మన దక్షిణాది భాషల్లో ఉన్నవి తెప్పించుకుని చూస్తే పోలిక కనపడి ఆశ్చర్యపోయాడు. 1871లో అదంతా పుస్తకమైంది. బంధుత్వం అధ్యాయం వచ్చినప్పుడు ఢిల్లీ పిల్లలు బొమ్మలు గీసుకుని బట్టీ పడతారు. తెలుగు పిల్లలకు అది పెళ్ళిపందిట్లో నేర్చుకున్న విద్య.

కంచరపాలెం_కుర్రాడు
బుధవారం, ఉదయం 6:50

అక్కా, రెండుసార్లు చదివాను. బావ సంగతి అమ్మకి చెబితే "ఇదా నువ్వు చదివేది, నన్నడిగితే నేనే చెబుదును" అంది.

సీఎస్ఆర్_సుబ్బన్న
బుధవారం, మధ్యాహ్నం 1:15

భోజనం టైములో రాస్తున్నా, పొట్టిగా చెప్తాను. ఉద్యోగాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేను ఎంఏ సోషియాలజీ. మొదటి మూడేళ్ళు నాకొచ్చిన జీతం మా చెల్లెలి పార్లర్ సంపాదన కన్నా తక్కువ. దాచుకోవడం ఎందుకు. ఇప్పుడు ఫర్వాలేదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా చెయ్యాలి, దానికి మనలాంటి వాళ్ళు కావాలి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద చేసే పనులు), స్వచ్ఛంద సంస్థలు, సర్వే ఏజెన్సీలు ఉన్నాయి. ఈమధ్య యాప్‌లు తయారుచేసే కంపెనీలు కూడా వాడేవాళ్ళ ఇంటికెళ్ళి మాట్లాడి రాయగలిగిన వాళ్ళను తీసుకుంటున్నాయి.

టీచింగ్ అయితే నెట్ గానీ ఏపీసెట్ గానీ, ఈ అర్హత పరీక్షల్లో ఒకటి కొట్టాలి. ఏపీసెట్ నిర్వహించేది మన ఏయూనే. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37 వేలు, కానీ వయసు 30 దాటకూడదు, సడలింపులు ఉన్నవాళ్ళకి తప్ప. నెట్ పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం వాళ్ళు ఎక్కువగా తడబడేది అక్కడే, సబ్జెక్టు రాక కాదు. మొదటి రోజు నుంచే రోజుకు రెండు పేజీలు ఇంగ్లీషులో చదువు.

సివిల్స్‌లో రెండూ ఆప్షనల్స్‌గా ఉన్నాయి. రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. కానీ సివిల్స్ కోసమే ఎంఏ చెయ్యొద్దు. అలా చేరినవాళ్ళు రెండూ సగం సగం చదువుతారు. నా బ్యాచ్‌లో నలుగురు ఉండేవారు. వాళ్ళలో ఒకడిని నేనే.

మన్యం_పిల్ల
బుధవారం, రాత్రి 9:20

అందరూ ఎవరిని చదవాలో మాట్లాడుతున్నారు. చదవబడేవాళ్ళ వైపు నుంచి ఒక మాట.

మాది పాడేరు వైపు ఒక గూడెం. నా చిన్నప్పుడు ఏటా ఎవరో ఒకరు వచ్చేవారు, కాగితాలు పట్టుకుని. మీ దేవుడెవరు, పెళ్ళికి ఓలి ఎంత, పోడు ఎన్ని ఎకరాలు, కల్లు తాగుతారా అని అడిగేవారు. మా తాత ఓపిగ్గా చెప్పేవాడు. ఒకసారి ఒకాయన ఫొటో కోసం అమ్మమ్మని పాత చీర కట్టుకోమన్నాడు. ఆమె కొత్త చీర కట్టుకుని నిలబడింది. ఆ ఫొటో ఆయన తియ్యలేదు. రాసుకున్నది ఏదీ మళ్ళీ మా ఊరికి రాలేదు. ఒక్క జిరాక్స్ కూడా.

ఇది కొత్తేం కాదు. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేసిన థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. జనాన్ని నిలబెట్టి తలలు, ముక్కులు కొలిచేవాడు. ఆ పుస్తకాలు ఇప్పటికీ కుల సర్టిఫికెట్ గొడవల్లో తిరగేస్తుంటారు.

కింద మైదానం వాళ్ళకి మేమంతా "ఏజెన్సీ వాళ్ళం". బగత, కొండదొర, వాల్మీకి, కోదు, పోర్జ, గదబ, కోటియ అందరూ ఒకటే మూట. గదబ అన్న ఒక్క పేరే తీసుకోండి. ఆ పేరున్న వాళ్ళలో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబపు భాష, ఇంకొందరు మాట్లాడే ఒల్లారి ద్రావిడ భాష, మన తెలుగుకి చుట్టం. పేరు ఒకటి, భాషలు రెండు, అవీ వేరే వేరే కుటుంబాలవి. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరు ఒప్పుకున్నారు? నేను ఆంత్రోపాలజీలో చేరింది ఈ ప్రశ్న కోసమే. క్లాసులో మా గూడెం గురించి పాఠం విన్న రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సగం కరెక్టే.

తమ్ముడూ, చేరు. కానీ ఫీల్డ్‌కి వెళ్తే రాసింది తెచ్చి చూపించు.

సిరా_మరక
బుధవారం, రాత్రి 10:05

మన్యం_పిల్లా, నీ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే.

నా ఎంఏ ఫీల్డ్ వర్క్ కూడా మన్యంలోనే. మొదటి రోజు ఊరికి వెళ్తే మనుషులే లేరు. సంత రోజని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో రోజు ఒక ముసలమ్మ చోడి అంబలి పోసి, పింఛను రాయడానికి వచ్చావా అంది. కాదు, చదువుకోడానికి వచ్చానంటే, ఇంత పెద్దయ్యాక ఇంకా చదువేంటని జాలిపడింది. తర్వాత అరగంట ఆవిడే నన్ను ఇంటర్వ్యూ చేసింది. మీదే కులం, పెళ్ళయిందా, ఎందుకవ్వలేదు, మీ నాన్నకి భూమెంత. ఒక్కదానికీ సూటిగా జవాబు చెప్పలేకపోయాను. అవే ప్రశ్నలు నా కాగితంలో ఉన్నాయి. ఆ సాయంత్రం సగం ప్రశ్నలు కొట్టేశాను.

ఆ నోట్సు తర్వాత పోయింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అద్దెగది కిటికీ ఊడి లోపలికి పడింది, పెట్టె తడిసి ముద్దయింది. ఏడుస్తూ మా సార్ దగ్గరికి వెళ్తే ఎం.ఎన్. శ్రీనివాస్ అనే మన సోషియాలజిస్టు కథ చెప్పారు. మైసూరు వైపు రాంపుర అనే ఊళ్ళో ఉండి ఆయన రాసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో మంటల్లో పోయింది. ఆయన గుర్తున్నదాంతోనే పుస్తకం రాశాడు, 1976లో వచ్చింది. సంస్కృతీకరణ (కింది కులాలు పై కులాల పద్ధతులు పట్టడం), ఆధిపత్య కులం (ఊళ్ళో భూమి, బలగం ఉండి పెత్తనం చేసే కులం) అన్న మాటలు మనకిచ్చింది ఆయనే. "నువ్వు శ్రీనివాస్‌వి కాదనుకో, కానీ కూర్చుని గుర్తు చేసుకో" అన్నారు సార్. కూర్చున్నాను. ఆ ముసలమ్మ ప్రశ్నలన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ఊరివాళ్ళ జవాబులే సరిగా గుర్తు రాలేదు.

ఫ్రీమాంట్_బాబాయ్
గురువారం, ఉదయం 7:30

ఎత్నిక్ స్టడీస్ గురించి తమ్ముడు అడిగాడు, ఎవరూ చెప్పలేదు. మాది మద్దిలపాలెం. పాతికేళ్ళుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాను. మా అమ్మాయి కాలేజీలో ఆ సబ్జెక్టు తీసుకుంది, అందుకని నాకూ కాస్త అబ్బింది.

అది ప్రభుత్వం పిలిచి ఇచ్చిన సబ్జెక్టు కాదు. 1968 నవంబరు 6న శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు, వాళ్ళతో పాటు ఆసియా, మెక్సికన్, అమెరికా ఆదివాసీ మూలాల విద్యార్థులు సమ్మెకు దిగారు. మా చరిత్ర మా వైపు నుంచి చెప్పే పాఠం కావాలన్నారు. దాదాపు ఐదు నెలలు నడిచింది. లాఠీలు, అరెస్టులు అన్నీ అయ్యాయి. 1969లో అక్కడ ఎత్నిక్ స్టడీస్‌కి విడిగా ఒక కాలేజీ వచ్చింది. ఇప్పుడు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ కావాలంటే ఆ సబ్జెక్టులో ఒక కోర్సు చెయ్యాల్సిందే, 2020లో చట్టం చేశారు.

మా అమ్మాయి ఒకరోజు "డాడీ, నువ్వు ఏ జాతి?" అంది. ఇండియన్ అన్నాను. అప్పుడు తన పాఠం చెప్పింది. 1920, 30, 40 జనాభా లెక్కల్లో ఇక్కడ మనవాళ్ళందరినీ "హిందూ" అనే జాతి కింద రాశారట. ఎక్కువమంది పంజాబీ సిక్కులు, అయినా హిందూ! భగత్ సింగ్ థింద్ అనే సిక్కు అమెరికా సైన్యంలో పనిచేసి పౌరసత్వం అడిగాడు. నేను ఆర్య సంతతి, అగ్రకులం, కాబట్టి తెల్లవాడినే అని వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు కుదరదంది. మనవాళ్ళకి పౌరసత్వం దారి తెరుచుకుంది 1946లో. 1980 లెక్కల నుంచి "ఏషియన్ ఇండియన్" అయ్యాం.

నాకు ఆ ఆర్య, అగ్రకుల వాదన దగ్గర సిగ్గేసింది. మా అమ్మాయి మాత్రం "నువ్వూ వీసా ఫారం మీద ఏ గడిలో టిక్ పెట్టమంటే అక్కడ పెట్టావు కదా" అంది.

డిగ్రీ_డబ్బా
గురువారం, ఉదయం 9:02

అంటే కాలేజీలో కూర్చోబెట్టి జనాన్ని ముక్కలు చేసే సబ్జెక్టు అన్నమాట. మనకి కులాలు సరిపోలేదా? అసలు కులం గురించి చదవడం మానేస్తే కులమే పోతుంది.

మన్యం_పిల్ల
గురువారం, ఉదయం 9:10

మలేరియా గురించి చదవడం మానేద్దామా అన్నా? మా గూడెంలో దోమలు ఏ పుస్తకం చదవలేదు.

సిరా_మరక
గురువారం, ఉదయం 9:31

డిగ్రీ_డబ్బా గారి ప్రశ్న తీసి పారేసేది కాదు. పేరు రాసేకొద్దీ గీత గట్టిపడుతుందన్న భయం చాలామంది పండితులకూ ఉంది. కాకపోతే చదవకపోతే పోతుందనడానికి ఎక్కడా దాఖలా లేదు. అంబేడ్కర్ 1916లో కొలంబియాలో చదువుకుంటూ ఆంత్రోపాలజీ సెమినార్‌లో కులం పుట్టుక మీద వ్యాసం చదివాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. కులం అంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, బళ్ళో మంచినీళ్ళ దగ్గరే తెలిసింది. అయినా కూర్చుని చదివాడు, రాశాడు. కులం లోపలే పెళ్ళి చేసుకోవాలన్న కట్టుబాటే దాని ఆయువుపట్టు అన్నాడు.

తమ్ముడూ, మన దగ్గర ఎత్నిక్ స్టడీస్ అన్న బోర్డు చూడక్కర్లేదు. దళిత అధ్యయనాలు, గిరిజన అధ్యయనాలు, స్త్రీ అధ్యయనాలు అన్న పేర్లతో ఆ పని జరుగుతోంది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా 2019లో మొదలైంది, వాళ్ళ కోర్సులు కూడా చూడు.

మోడరేటర్
గురువారం, ఉదయం 10:00

రెండు కామెంట్లు తీసేశాం. కులం గురించి మాట్లాడండి, కులం పేరుతో తిట్టొద్దు.

కంచరపాలెం_కుర్రాడు
గురువారం, సాయంత్రం 5:48

ఆ తీసేసినవి నేను చూడలేదులెండి, డ్యూటీలో ఉన్నా (పార్ట్‌టైమ్ డెలివరీ).

పేర్ల గురించి చదువుతుంటే ఒకటి తట్టింది. మా మామ్మ బర్మాలో పుట్టింది. పన్నెండేళ్ళప్పుడు ఓడలో వచ్చారట. మేముండే వైపు బర్మా క్యాంపు అంటారు కదా, అలా వచ్చినవాళ్ళే. మా ఇంట్లో ఇది పెద్ద విషయం కాదు, మామ్మ కోపమొస్తే ఏదో భాషలో తిడుతుంది, అంతే. ఇది కూడా ఈ సబ్జెక్టులోకి వస్తుందా?

పాత_ఓడరేవు
గురువారం, రాత్రి 8:25

బాబూ, వస్తుందా అని అడుగుతున్నావా! బంగారం పరుపు కింద పెట్టుకుని అప్పుకి తిరుగుతున్నావు.

నేను రిటైర్డ్ హిస్టరీ మాస్టారిని. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ని "రంగం" అనేవారు. రంగం వెళ్ళొచ్చాడంటే ఆ ఇంటికి పెళ్ళి సంబంధాలు ఎక్కువ. గంజాం నుంచి గోదావరి దాకా జనం ఓడలెక్కి వెళ్ళి రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో, రిక్షాల మీద పనిచేశారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. మన తెలుగువాళ్ళని అక్కడ "కొరంగీలు" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. శ్రీకాకుళం వాడైనా కొరంగీయే, ఏ కులమైనా కొరంగీయే.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే బర్మా వాళ్ళని పనిలో పెట్టారు. సమ్మె ముగిసి వీళ్ళు తిరిగి పనిలోకి వెళ్ళేసరికి అల్లర్లు పుట్టి చాలామంది చనిపోయారు. 1942లో జపాన్ దాడికి లక్షలమంది అడవుల్లో నడిచి వచ్చారు. మిగిలినవాళ్ళు, తిరిగి వెళ్ళినవాళ్ళు 1962లో సైన్యం అధికారం పట్టి, తర్వాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక ఓడల్లో వచ్చేశారు. మీ మామ్మ ఆ తరంగంలో వచ్చి ఉంటుంది.

ఆంత్రోపాలజీలో ఫ్రెడ్రిక్ బార్త్ అని నార్వే ఆయన ఉన్నాడు. 1969లో ఆయన సంపాదకత్వంలో ఒక పుస్తకం వచ్చింది. ఒక సమూహాన్ని సమూహంగా నిలబెట్టేది లోపలి తిండీ బట్టా కన్నా పక్కవాళ్ళతో ఉన్న సరిహద్దు అని ఆయన వాదన. మీ మామ్మ ఆ సరిహద్దుకి రెండు వైపులా బతికింది. వెళ్ళి కూర్చో. ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, ముందు అడిగి చెయ్యి.

కంచరపాలెం_కుర్రాడు
ఆదివారం, రాత్రి 9:55

నిన్న మధ్యాహ్నం కూర్చున్నాను. రికార్డ్ చేస్తానంటే "సినిమాలో ఏత్తావేటి" అని జుట్టు సరిచేసుకుంది. ఆడియో మాత్రమే అంటే కాస్త నిరుత్సాహపడింది.

సిరా_మరక అక్క చెప్పినట్టు ప్రశ్నలు తగ్గించుకుని వెళ్ళాను. అయినా మొదటి ప్రశ్న తేలిపోయింది. ఓడ గురించి అడిగితే ఓడలో తన చెవిపోగులు ఎక్కడ దాచారో చెప్పింది. అన్నం కుండ అడుగున. బంగారం తీసుకెళ్ళనివ్వరని భయం. మూడు రోజులు ఆ కుండని ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఓడ రంగు, పేరు ఏవీ గుర్తులేవు. కుండ మూత మీద సొట్ట ఎటువైపు ఉందో గుర్తుంది.

తర్వాత పేరు సంగతి అడిగాను. ఇది ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"అక్కడ మమ్మల్ని కొరంగీ అనీవోరు. మా అయ్య ఆ మాటకి ఊరుకునీవోడు కాదు, మాది కోరంగి కాదు, టెక్కలి అనీవోడు. ఇక్కడికొచ్చినాక బర్మావోళ్ళన్నారు. నీళ్ళ కుళాయి కాడ నన్ను బర్మా గుంట అనీవోరు. మీ తాతని చేసుకున్నప్పుడు ఆళ్ళ అమ్మ ఏటందో తెల్సా, రంగం పిల్ల, వంట రాదని. నాను ఒండిన చేపల పులుసు ఆవిడే మూడుసార్లు ఏసుకుంది."

తాత వాళ్ళ కులం, మామ్మ వాళ్ళ కులం ఒకటి కాదని నాకు నిన్ననే తెలిసింది. క్యాంపులో అలాంటి పెళ్ళిళ్ళు ఇంకా అయ్యాయట, "అప్పుడు ఎవుడికీ ఇల్లే నేదు, కులమెక్కడ ఎడతారు" అంది. తర్వాత ఇళ్ళొచ్చాక మళ్ళీ చూసుకోవడం మొదలెట్టారట. నాన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఆయనకీ కొన్ని కొత్తే. ఆటోకి వేళవుతున్నా కదల్లేదు.

"ఇదా నువ్వు చదువుతానన్నది?" అన్నారు. ఇదే అన్నాను. ఏమీ అనలేదు. రాత్రి మామయ్యకి ఫోన్ చేసి, కోచింగ్ ఫీజు వచ్చే ఏడాది చూద్దాంలే అన్నారు. అంటే ఒప్పుకున్నట్టో కాదో తెలీదు.

మన్యం_పిల్ల అక్కా, రాసింది మామ్మకి చదివి వినిపించాను. రెండు చోట్ల దిద్దింది. ఒకటి తిట్టు, తీసెయ్యమంది. తీసేశాను.

పీజీసెట్‌కి అప్లికేషన్‌లో సోషియాలజీ ముందు పెట్టాలా, ఆంత్రోపాలజీ ముందు పెట్టాలా?

మన్యం_పిల్ల
ఆదివారం, రాత్రి 10:12

రెండూ ఒకే టెస్టా, వేరే వేరేనా అన్నది ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకో, ఎవరి మాటా నమ్మకు. ఆ తిట్టు ఏంటో నాకు మెసేజ్ చెయ్యి.

సిరా_మరక
ఆదివారం, రాత్రి 10:20

"ఎవుడికీ ఇల్లే నేదు, కులమెక్కడ ఎడతారు." ఈ వాక్యాన్ని రేపు క్లాసులో బోర్డు మీద రాస్తాను, మీ మామ్మ ఒప్పుకుంటే. అడిగి చెప్పు.

డిగ్రీ_డబ్బా
ఆదివారం, రాత్రి 10:41

మా అత్తగారి వైపు కూడా రంగం వెళ్ళొచ్చిన ముసలాయన ఒకాయన ఉన్నాడు, అగనంపూడిలో. చెవి సరిగ్గా వినపడదు. వెళ్ళి అడిగితే మాట్లాడతాడంటారా?

పాత_ఓడరేవు
ఆదివారం, రాత్రి 10:50

రేపే వెళ్ళండి. ఉదయం పూట వెళ్ళండి.

ఫ్రీమాంట్_బాబాయ్
సోమవారం, ఉదయం 6:15

మీ మామ్మ గారు మొహింగా చేస్తారా? చేపల పులుసులో సన్న సేమ్యా వేసి ఇస్తారే, అది. ఇక్కడ ఒక బర్మా హోటల్లో తిన్నాను, మన పులుసు చుట్టమే అనిపించింది. కొలతలు కనుక్కో.

కంచరపాలెం_కుర్రాడు
సోమవారం, రాత్రి 9:30

అడిగాను. బోర్డు మీద రాసుకోవచ్చట, కానీ పేరు రాయొద్దంది. కొలతలు ఏమీ లేవు, "సెయ్యి సెబుతాది" అంది. అరటి దూట లేకుండా చేస్తే మాత్రం అది మొహింగా కాదట, ఫ్రీమాంట్‌లో దొరుకుతుందో లేదో ముందు కనుక్కోమంది.